కొస ఆకులు

నసీమా కంటినిండా నిద్రపోయి చాలా కాలమైంది. భర్త అష్ఫాక్ నడుం పట్టేసి చెక్కమంచం మీద పడ్డప్పటి నుంచీ ఆమె ఒక చెవితోనే నిద్రపోతోంది. రెండో చెవి అతని మూలుగుకూ, వీధి గేటు గడియకూ, కూతురు ఇష్రత్ స్కూటీ చప్పుడుకూ కాపలా కాస్తుంది. స్కూటీ రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఆమె కళ్ల ముందు లారీ చక్రం కనిపిస్తుంది. పిల్ల ఫోను ఎత్తకపోతే కాలువ కనిపిస్తుంది. ఎత్తి "వస్తన్నా అమ్మీ" అంటే, బండి నడుపుతూ మాట్లాడుతోందే అని మళ్లీ లారీ చక్రమే కనిపిస్తుంది.

భవానీపురంలో వాళ్లది అరటాకుల వ్యాపారం. కృష్ణ ఒడ్డు లంకల్లోని తోటల నుంచి ఆకు కోయించి తేవడం అష్ఫాక్ పని. దాన్ని హోటళ్ల పళ్లేలకు సరిపడేట్టు ముక్కలు చెయ్యడం నసీమా పని. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె చేతిలో కత్తి అదే తోవన నడుస్తోంది. ఆకును బోర్లా పరచాలి. వెనకవైపు ఉబ్బుగా ఉండే నడిమి ఈనెను చెక్కి పలచన చెయ్యాలి, లేకపోతే పళ్లెంలో ఆకు నిలవదు. ఆ తరవాత మొదటి కోత కొసకే. కొస సన్నగా ఉంటుంది, గుండ్రటి పళ్లెంలో ఇమడదు. పైగా గాలికి ముందుగా చీలేదీ అదే. కోసిన కొసలు గంపలోకి, గంప గోడవతల మేకల దగ్గరికి. మిగతాది ముక్కలుగా దొంతర్లలోకి. ఇన్నేళ్లలో ఆకు గురించి ఆమెకు తెలిసింది అంతే. ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది. అరటితోట ఎలా ఉంటుందో కూడా దూరం నుంచి బస్సులో చూడటమే.

అష్ఫాక్ పడ్డాక, డిగ్రీ చదువుతున్న ఇష్రత్ "సెలవులేగా, నేను చూసుకుంటా" అని స్కూటీ తాళం తీసుకుంది. అష్ఫాక్ ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు.

"ఏ పార్టీ దగ్గర్నుంచైనా సరే, ఒక్క మాట వచ్చిందా, ఇబ్రహీంపట్నం నుంచి మా తమ్ముణ్ణి పిలిచి మొత్తం వాడికి అప్పజెప్పేస్తా. నువ్వు ఇంట్లో కూర్చుని చదువుకో."

"రాదు అబ్బూ" అంది ఇష్రత్.

నసీమా వింటూనే అష్ఫాక్ వీపు కింద దిండు సర్దింది. కానీ ఆ ఒక్క మాటేదో ఎవరో ఒకరు త్వరగా అనేస్తే పీడా వదులుతుందని, పిల్ల ఇంటిపట్టున ఉంటుందని, ఆమె లోపల ఒక మూల కోరుకుంటూనే ఉంది.

మొదట్లో ఇష్రత్ అన్నీ చెప్పేది. ఏ తోటకు వెళ్లింది, ఎవరితో మాట్లాడింది, ఏ రోడ్డున వచ్చింది. ఏం చెప్పినా నసీమా "అయ్యో" అనేది. కరకట్ట మీద వచ్చానంటే అయ్యో, తోటలో పాము కుబుసం కనపడిందంటే అయ్యో, ఒక హోటలాయన టీ ఇచ్చాడంటే ఇంకా పెద్ద అయ్యో. అయ్యోల తరవాత రాత్రంతా నిద్ర లేకపోవడం, పొద్దున తలనొప్పి. చివరికి పిల్ల చెప్పడం మానేసింది. "చెప్తే నువ్వు భయపడతావు, నువ్వు భయపడితే నాకు చేతులు ఆడవు" అంది ఒకసారి, కోపంగా కూడా కాదు, అలసటగా.

అలా చెప్పకపోవడం వల్లే ఆ రోజు అంత పనీ జరిగింది.

ముందు రోజు సాయంత్రం ఈదురుగాలి వీచింది. వేసవి గాలి, వాన తక్కువ, దుమ్ము ఎక్కువ. రేకులు గడగడలాడుతుంటే నసీమా కరెంటు మెయిను కట్టేసి, కూతుర్ని కిటికీ దగ్గర నిలబడొద్దని కేకలేసి, అందరికంటే ముందు తనే నీరసపడిపోయింది. తెల్లవారుజామున నమాజు చేసుకుని వసారాలోకి వచ్చేసరికి గోడవారన తడిపిన గోనెపట్టా కప్పిన కట్ట ఒకటి కనిపించింది. గాలికి ముందే, మధ్యాహ్నం, ఇష్రత్ తెచ్చి పెట్టినట్టుంది. పట్టా తీసి చూసింది. మంచి ఆకులు. నిలువెత్తు ఆకులు. పైవైపు నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, కిందివైపు బూడిద అద్దినట్టు మసకగా. తెచ్చేటప్పుడు రాపిడికి కాబోలు, కొన్నింటి కొసల దగ్గర గోరంత చీలికలు పడ్డాయి.

ఆ చీలికలే ఆమె కంటపడ్డాయి. పార్టీవాడు పట్టా విప్పుతాడు, మొదట కొసే చూస్తాడు, చిరిగినాకు తెచ్చావేంటమ్మా అంటాడు, నలుగురిలో పిల్లను నిలబెట్టి అంటాడు. ఇష్రత్ తల వంచుకుని నిలబడ్డట్టు ఆమెకు కనిపించింది. మాట రావాలని కోరుకున్న మనిషే, పిల్ల ముఖం అలా కనిపించగానే కత్తి అందుకుంది. పిల్ల లేచేసరికి పని అయిపోవాలనుకుంది. పాపం రాత్రి పొద్దుపోయాక పడుకుంది, కాసేపు నిద్రపోనీ. ఒక్కొక్క ఆకూ బోర్లా వేసి, చీలిక ఉన్నదీ లేనిదీ చూడకుండా, అన్ని కొసలూ ఒకే కొలతన తీసేసింది. అంచులు తిన్నగా, ముచ్చటగా వచ్చాయి. గంప గోడవతల గుమ్మరించింది. మేకలు గబగబా చేరుకున్నాయి.

ఇష్రత్ పళ్లు తోముకుంటూ వసారాలోకి వచ్చి, ఆగిపోయింది. బ్రష్షు నోట్లోనే ఉంది.

"అమ్మీ. కొసలేవీ?"

"చీలికలున్నాయి బేటా. తీసేశా. ఇప్పుడు చూడు ఎంత..."

"అన్నిటికీ తీసేశావా?"

"అన్నీ ఒక్క తీరుగా ఉండాలి కదా."

ఇష్రత్ గోడ మీదుగా అవతలకి చూసింది. మేకలు నములుతూ తలెత్తి ఈమెను చూశాయి. వెనక్కి వచ్చి మెట్టు మీద కూలబడింది.

"ఇవి హోటలుకి కాదు అమ్మీ. చల్లపల్లిలో ఒక పెద్దాయనకి ఎనభై దాటినయ్యని వెయ్యి పున్నముల వేడుక చేస్తన్నారు రేపు. వంట అవధాని గారిది. మొదటి పంక్తిలో కూర్చునే పెద్దలకి కొసున్న ఆకే వెయ్యాలంట. కొస ఎడమచేతి వైపు రావాలి. ముక్కలో వడ్డిస్తే వాళ్లకి అవమానం. ఒక ఆకుకి ఒక్కటే కొస ఉంటది. అందుకే అన్ని ఆకులు."

నసీమా కొస లేని ఆకునొకదాన్ని తిప్పి చూసింది. "నాకు చెప్పలేదు కదే."

"చెప్తే ఏం చేసేదానివి? బాపనాళ్ల ఫంక్షను, పెద్ద పార్టీ, చల్లపల్లి దాకా నువ్వొక్కదానివే ఎందుకని రాత్రంతా ఏడ్చేదానివి."

"ఇంకో తోట నుంచి తెప్పిద్దాం."

"నిన్న గాలి చూడలా? ఊళ్లో ఉన్న ప్రతి ఆకూ దువ్వెనలా చీలిపోయి ఉంటది ఇవాళ." ఇష్రత్ నోరు కడుక్కుని వచ్చి తల్లి ముఖంలోకి చూసింది. గొంతు తగ్గించి, లోపలి గదిలోని తండ్రికి వినపడకుండా అడిగింది. "కావాలనే చేశావా?"

నసీమా లేదనబోయింది. కావాలని చెయ్యలేదు. కానీ కావాలని అనుకోలేదా అంటే మాత్రం ఏం చెప్పాలో తెలియలేదు. ఆ ఊరకుండటాన్ని ఇష్రత్ ఎలా అర్థం చేసుకుందో ఏమో, చున్నీ తలకు చుట్టుకుని తాళం తీసుకుంది.

"తోటకి పోతన్నా. మాణిక్యం బాబాయ్ దగ్గర ఏదన్నా దొరికిద్దేమో. అబ్బూకి చెప్పబాక."

"నేనూ వస్తా."

"నువ్వా? స్కూటీ ఎక్కవుగా."

"ఎక్కుతా."

అష్ఫాక్‌కు జావ తాగించి, మందులు మంచం పక్కన పెట్టి, "చల్లపల్లి పార్టీకి ఆకు అందించొస్తాం, పిల్లకి తోడు" అని చెప్పింది. అతను ఆశ్చర్యంగా చూశాడు గానీ ఆపలేదు.

కృష్ణలంక దాటి కరకట్ట ఎక్కేదాకా నసీమా కళ్లు మూసుకునే ఉంది. తడి గోనెలు ఒళ్లో పెట్టుకుంది. ఎదురుగా ట్రాక్టరు వచ్చినప్పుడల్లా కూతురి నడుం గట్టిగా పట్టుకుంటోంది.

"అమ్మీ, ఊపిరాడట్లా."

"నెమ్మదిగా పో."

"ఇంకా నెమ్మదిగా పోతే పడిపోతాం."

కట్ట కింద తోటలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ప్రతి అరటాకూ నడిమి ఈనె దాకా చీలి, పేలికల్లా వేలాడుతోంది. చూస్తున్న కొద్దీ నసీమాకు ప్రాణం ఉసూరుమంది. ఒక్క చీలికకు భయపడి తను అన్ని కొసలూ తీసేసింది. ఇక్కడ గాలి దేన్నీ వదల్లేదు.

తోట్లవల్లూరు దాటాక బండి లంకలోకి దిగింది. మాణిక్యం కౌలుకు చేస్తున్న తోట అది. చర్చి పెద్ద కూడా ఆయన. తలపాగా ఒళ్లో పెట్టుకుని, పడిపోయిన అరటిచెట్ల మధ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. వీళ్లను చూసి లేచాడు.

"రా పాపా. ఎవరూ, చెల్లెమ్మ గారా? ఎప్పుడూ రాని మనిషి ఇయ్యాలే వచ్చారా? చూడండి నా తోట ఎట్టా పడుకుందో. దేవుడు నిద్రపొమ్మన్నాడు, నిద్రపోయింది."

"కొసాకులు కావాలి బాబాయ్" అంది ఇష్రత్. "నిన్న తీసుకెళ్లినవి పాడైపోయినయ్." ఎలా పాడయ్యాయో చెప్పలేదు. నసీమా కూతురి వైపు చూసింది.

మాణిక్యం నవ్వాడు. నవ్వులో నవ్వు లేదు. "కొసాకులా? ఒక్కటి చూపించు పాపా, చిరగనిది ఒక్కటి. ఊరికే ఇచ్చేస్తా."

ముగ్గురూ తోటంతా తిరిగారు. నిలబడి ఉన్న చెట్లకు ఆకులు చీలికలు. పడిపోయిన చెట్లకు ఆకులు చీలికలూ మట్టీ. గెలలతో ఉన్నవి, ఊతంగా పెట్టిన వెదురు పోట్లు విరిగి, మొదలంటా ఒరిగాయి. ఇంకో మడిలో ఇంకా గెల వెయ్యనివి, వెయ్యడానికి సిద్ధంగా ఉన్నవి, సగానికి మడిచినట్టు విరిగి పడ్డాయి. వాటి దగ్గరకు రాగానే మాణిక్యం వంగి ఒకదాని మీది మట్టి చేత్తో తుడిచాడు.

నసీమాకు ఇక నడవడం చేతకాలేదు. పడి ఉన్న ఒక బోదె మీద కూర్చుంది. విరిగిన చోట లోపల పొరలు పొరలుగా, గదులు గదులుగా తెల్లగా కనిపిస్తోంది. నీరు కారుతోంది. వేలితో ఒక పొర లాగితే డొప్పలా ఊడి వచ్చింది. దాని పైచివర మట్టలా సన్నబడి, ఆ మట్టకు ఆకు ఉంది. తను ఇన్నేళ్లుగా కోస్తున్న ఆకే. ఇంకో పొర లాగింది. దానికీ ఒక ఆకు.

"ఇదేంటే, చెట్టంతా ఆకులేనా?"

ఇష్రత్ కూడా వచ్చి పక్కన కూలబడింది. కోపం ఇంకా ఉంది గానీ దాన్ని మొయ్యడానికి ఓపిక లేదు. "అవును. చెట్టంటాం గానీ ఇది మాను కాదు అమ్మీ. ఆకుకి మూడు భాగాలుంటయ్. అడుగున పీఠం, మధ్యలో తొడిమ, పైన దళం. మామిడాకుకి పీఠం ఇంతే ఉంటది, కొమ్మకి అతుక్కుని. అరటికి పీఠమే ఇంత పొడుగు. ఒకదాని మీద ఒకటి చుట్టుకుని నిలబడతయ్. మనం బోదె అనేది అదే."

"నేను పైముక్కే చూశాను ఇన్నాళ్లూ."

"అందరూ అంతే."

"మరి ఇంత గట్టిగా చుట్టుకున్నది గాలికి ఎందుకు చిరిగింది?"

"చిరిగింది పీఠం కాదుగా, దళం. రావాకు చూడు, తమలపాకు చూడు, ఈనెలు వలలాగా అల్లుకుని ఉంటయ్. చిరుగు ఎటు పోయినా ఏదో ఒక ఈనె అడ్డం పడిద్ది. దీనికి గట్టిగా అడ్డం పడేది లేదు. నడిమి ఈనె దగ్గర్నుంచి అంచు దాకా అన్నీ పక్కపక్కనే పోతయ్, ఒకదాన్ని ఒకటి పట్టుకోవు. గాలి ఒక్క చోట వేలు పెడితే చాలు, సర్రున నడిమి ఈనె దాకా."

అడ్డం పడేది ఒకటి ఉండాలి కదా మరి, ఇంట్లో అయినా అంతే కదా, అనుకుంది నసీమా. పైకి అనలేదు. అంటే పిల్ల మళ్లీ లేచి వెళ్లిపోతుంది.

ఆమె చెయ్యి బోదె పైకొనలో ఏదో గట్టిగా, నున్నగా ఉన్నదాని మీద పడింది. ఇంకా విప్పుకోని మొవ్వాకు. చాప చుట్టినట్టు గట్టిగా చుట్టుకుని, లేత పసుపుపచ్చగా, చెయ్యంత లావున. చుట్టూ ఆకులన్నీ పేలికలైనా దానికి గీత కూడా పడలేదు. ఇష్రత్ దాన్ని చూసింది. తల్లి చెయ్యి పక్కకు నెట్టి, వంగి, మళ్లీ చూసింది.

"బాబాయ్!" అని కేకేసింది. "గెల వెయ్యని చెట్లన్నిటికీ మొవ్వు ఉంటదా?"

"ఉంటది. గెలేసినదానికి ఉండదు, దీనికి ఉంటది. ఏం?"

"చుట్ట లోపలికి గాలి దూరదు కదా బాబాయ్. విప్పితే కొస ఉంటది కదా."

మాణిక్యం గట్టు దిగి వచ్చి నిలబడ్డాడు. మొవ్వు కొయ్యడమంటే రైతుకు చెట్టు పీక కొయ్యడమే. ఆయన కాసేపు ఆ చెట్ల వైపు చూశాడు.

"నిలబడ్డ చెట్టైతే కొడవలి మీద చెయ్యి కూడా వెయ్యనిచ్చేవాణ్ణి కాదు పాపా. ఇవెట్టాగూ లేవవు. కోసుకోండి. పనికొచ్చేది ఏదన్నా ఉంటే పనికి రానీ."

కొయ్యడం తేలికే అయింది. విప్పడమే కాలేదు. ఇష్రత్ మొదటిదాన్ని అంచు పట్టుకుని లాగింది. సర్రుమంది. రెండోదీ అంతే. మూడోదానికి పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇటివ్వు" అంది నసీమా.

జీవితమంతా ఏది పగిలిపోతుందో, ఏది చిరిగిపోతుందో అని వణుకుతూ పట్టుకున్న చేతులవి. చుట్టను ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు చిలకరించింది. ఈనెలు ఎటు పోతున్నాయో వేలి కొసతో వెతికి, ఆ దారినే బొటనవేలు నడుపుతూ, లాగకుండా, దానంతట అది వదులైన మేరకే విప్పింది. పసిపిల్ల బిగించిన గుప్పిట తెరిచినట్టు. కొస దగ్గర ఆగి, ఊపిరి బిగబట్టి, మళ్లీ కదిలింది. ఆకు మొత్తం ఆమె ఒళ్లో పరుచుకుంది. ఎక్కడా చీలిక లేదు. పల్చగా, తడి పట్టులా, వెలుతురు అవతలికి కనిపించేంత లేతగా. కొస అలాగే ఉంది.

ఎవరూ శభాష్ అనలేదు. ఇష్రత్ ఇంకో చుట్ట తెచ్చి ఒళ్లో పెట్టింది. మాణిక్యం కోస్తూ ఉంటే, ఇష్రత్ మోస్తూ ఉంటే, నసీమా విప్పుతూ ఉంది. మెడ పట్టేసింది. ఎండ నడినెత్తికి వచ్చింది. చెమట ఆకు మీద పడకుండా మాటిమాటికీ కొంగుతో తుడుచుకుంది. అరటి జిగురు వేళ్లకు నల్లగా అంటుకుంది. కొన్ని చిరిగాయి. చిరిగినప్పుడల్లా ఆమె "అల్లా" అని ఆగి, మళ్లీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం మాణిక్యం తన అన్నం క్యారేజీలో సగం వీళ్లకు పెట్టాడు. తింటూ ఇష్రత్ కూర్చున్నచోటే కునికింది. దూరంగా నది మీద ఎండ తళతళలాడుతోంది. పిల్ల మెడ పక్కకు వాలుతుంటే లేపబోయి, లేపలేక, నసీమా భుజం అడ్డం పెట్టింది.

చల్లపల్లి చేరేసరికి ఎండ పలచబడింది. పెద్దాయన ఇంటి వెనక పందిట్లో వంటవాళ్లు కూరగాయలు తరుగుతున్నారు. అవధాని గారు పొయ్యిలకు ఇటుకలు పేర్పిస్తూ, భుజం మీద తువ్వాలుతో ఎదురొచ్చారు. పట్టా విప్పించి ఒక ఆకు చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూశారు.

"ఇదేమిటమ్మాయ్? నేను చెప్పింది ముదురాకు. ఇది చంటిపిల్ల చెవిలా ఉంది."

"గాలి వచ్చిందండీ. తోటల్లో ఆకంతా..."

"గాలి సంగతి నాకు తెలుసు, నా పందిరి కూడా లేచిపోయింది. అన్నం వేడికి ఇది నిలుస్తుందా? సాంబారు పొయ్యగానే పంచెల మీదికి వస్తుంది. రేపు నన్నంటారు, నిన్నెవరూ అనరు."

ఇష్రత్ ముఖం వాడిపోయింది. నసీమా కొంగు సర్దుకుంది. పరాయి మగవాళ్లతో ఆమె మాట్లాడింది తక్కువ.

"మొదట కొసాకులే తెచ్చిందండీ పిల్ల. మంచివే. తెలియక నేనే కోసేశాను. దాని తప్పేం లేదండీ."

అవధాని గారు ఆమెను, ఆమె నల్లబడిన వేళ్లను చూశారు. ఆకును మళ్లీ తిప్పి చూశారు. కొస పట్టుకుని మెల్లగా వంచారు.

"మొవ్వాకు విప్పారా? చేత్తో?"

"అవునండీ."

"ఒక్కొక్కటీనా?" ఆయన నిట్టూర్చి, వెనక్కి తిరిగి ఎవర్నో కేకేశారు. "ఒరేయ్, రేపు ఇవి నిప్పుసెగ చూపించి వాడ్చి వెయ్యండి, మెత్తబడితే చిరగవు." మళ్లీ ఇటు తిరిగి, "సరే, కొస ఉంది, అంతే చాలు. ఎలాగూ రేపు మొదటి పంక్తిలో కూర్చునేవాళ్లెవరికీ పళ్లు లేవు. వాళ్లకు ఆకు లేతగా ఉంటే వచ్చిన నష్టమేమిటి?" అన్నారు. తరుగుతున్న వాళ్లు నవ్వారు. "కానీ అమ్మాయ్, చెప్పింది ఒకటి, తెచ్చింది ఒకటి. అది మాత్రం అన్నాననుకో. శ్రావణంలో గుడివాడలో ఒక పెళ్లి ఉంది, ఫోను చేస్తాను. ఈసారి ముదురాకు."

"అలాగేనండీ" అంది ఇష్రత్. గబగబా కుళాయి దగ్గరకు వెళ్లి ముఖం మీద నీళ్లు కొట్టుకుంటూ నిలబడింది. చాలాసేపు కొట్టుకుంది.

అప్పుడే నసీమా ఫోను మోగింది. అష్ఫాక్.

"చేరారా? ఇచ్చారా?"

"ఇచ్చాం."

"ఏమన్నాడు అవధాని? నాకు తెలుసు ఆయన సంగతి. ఏదో ఒకటి అంటాడు. ఏమన్నా మాట వచ్చిందా?"

నసీమా పందిరి గుంజకు ఆనుకుంది. మాట వచ్చింది. చెప్పింది ఒకటి, తెచ్చింది ఒకటి అన్నాడు, నలుగురి ముందూ అన్నాడు. ఆ ఒక్క ముక్క చెబితే చాలు. అబద్ధం కూడా కాదు. రేపటి నుంచి మరిది వస్తాడు. స్కూటీ గోడకు ఆనించి ఉంటుంది. కరకట్ట ఉండదు, ట్రాక్టర్లుండవు, పాములుండవు, గుడివాడ ఉండదు. సాయంత్రం అయ్యేసరికి పిల్ల గదిలో పుస్తకం పెట్టుకుని కనపడుతూ ఉంటుంది. తను రెండు చెవులతోనూ నిద్రపోవచ్చు. ఎన్నాళ్లకో ఒక పూర్తి నిద్ర. దాని గురించి తలచుకుంటేనే ఆమె కళ్లు మూతలు పడ్డాయి.

కుళాయి దగ్గర ఇష్రత్ తిరిగి చూసింది. ఫోను ఎవరిదో పిల్లకు అర్థమైంది. దగ్గరకు రాలేదు. తడి ముఖంతో అక్కడే నిలబడి తల్లి పెదాల వైపు చూస్తోంది.

"నసీమా? ఉన్నావా? ఏమన్నా అన్నాడా?"

"ఏం అనలేదు" అంది నసీమా. "అన్నీ కొసతోనే ఇచ్చాం. శ్రావణంలో పెళ్లికి కూడా చెప్పాడు. ఇష్రత్‌కే ఫోను చేస్తానన్నాడు."

"సరే" అన్నాడు అష్ఫాక్. తరవాత, "జాగ్రత్తగా రండి."

ఫోను కొంగులో ముడేసుకుంది. ఒకసారి చెప్పేశాక వెనక్కి తీసుకునే వీలు లేదు. ఇక ప్రతి సాయంత్రమూ ఇదే. గేటు గడియ, స్కూటీ చప్పుడు, లారీ చక్రం. వాటన్నిటికీ తనే సరేనంది.

ఇష్రత్ బండి తీసింది. నసీమా వెనక కూర్చుంది. పిల్ల వెంటనే స్టార్టు చెయ్యలేదు. ముందుకు చూస్తూనే అంది.

"గుడివాడ రోడ్డు పాడుగా ఉంటది అమ్మీ. మొన్న ఒకసారి పోయా. గుంటలో బండి పడింది. నాకేం కాలేదు, మోకాలు కొట్టుకుపోయింది అంతే. నీకు చెప్పలా."

అయ్యో నసీమా నోటి దాకా వచ్చింది. అక్కడే ఆపింది. ఆపడానికి ఒళ్లంతా బిగబట్టాల్సి వచ్చింది.

"ఏ మోకాలు?" అంది చివరికి.

"ఎడమది."

"ఊఁ."

బండి కదిలింది. చల్లపల్లి సెంటరు దాటి కరకట్ట వైపు తిరిగేసరికి పొద్దు బాగా వాలింది. కొంగలు గుంపులుగా లంకల మీదికి పోతున్నాయి.

"నెమ్మదిగానే పోతాలే అమ్మీ, భయపడబాక."

నసీమా పడమటి వైపు చూసింది. కట్ట మీద దీపాలుండవు.

"నెమ్మదిగా పోతే చీకటి పడుద్ది" అంది. "రోజూ ఎట్టా పోతావో అట్టాగే పో."